సుయానా కనుమలో వేడి దుంపల ప్రసాదం

ఆండీస్ పర్వతాలలో పద్నాలుగు వేల అడుగుల ఎత్తున సుయానా కనుమ ఉన్నది. గుడి లేదు, గోపురం లేదు. బాటసారులు పేర్చిన రాళ్లకుప్పే దేవుడు. బస్సు దిగిన వారికి అడుగు వేస్తే ఆయాసం, నోరు తెరిస్తే పొగ. మనవాళ్లు వెంటనే ఆవకాయ సీసా కోసం సంచి వెదుకుతారు. తొందరపడవద్దు. ఇక్కడి ఆడవారు మట్టిలో కాల్చిన బంగాళాదుంపను కొండమిరప పచ్చడితో చేతిలో పెడతారు. వేళ్లు కాలినా వదలబుద్ధి కాదు.

పూర్వం ఇక్కడ తికా అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త మైతా, లామాలనే బరువులు మోసే జంతువుల మీద ఎండు దుంపలు వేసుకుని, మొక్కజొన్న తేవడానికి దిగువ లోయకు వెళ్లాడు. నెలలో రావలసినవాడు ఏడాదైనా రాలేదు. తికా మనసు ఇంట నిలువలేదు. దారులన్నీ కలిసే ఈ కనుమకు వచ్చి కూర్చున్నది. రోజూ మట్టిగడ్డలు గూడులా పేర్చి, లోపల మంట పెట్టి, మట్టి ఎర్రబడ్డాక దుంపలు వేసి గూడును వాటి మీద కూలదోసేది. ఎవరు వచ్చినా ముందు ఒకటే ప్రశ్న: "మా ఆయన కబురు తెచ్చావా?" లేదన్నవారికి దుంప పెట్టేది కాదు. పాపం, ఆమెకు కబురు మీద ఉన్న ఆకలి ఇతరుల ఆకలిని కనబడనివ్వలేదు.

ఒకనాడు మంచువానలో ఒక ముసలివాడు వచ్చాడు. చలికి దవడలు బిగుసుకుపోయి మాట పెగలలేదు. తికా మూడుసార్లు అడిగింది. అతడు పొయ్యి వైపు చేయి చాచాడు.

"కబురు లేనివాళ్లకు తిండి లేదు తాతా, వెళ్లు" అన్నది.

అతడు ఆమెను ఒక్క క్షణం చూసి, భుజాన ఉన్న తాడు తీసి రాళ్లకుప్ప మీద పెట్టి దిగిపోయాడు. వాన తెరిపి ఇచ్చాక తికా ఆ తాడు చూసింది. మైతా కోసం లామా వెంట్రుకలతో తానే పేనిన తాడు అది! గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. అడుగుజాడలు మంచులో పూడిపోయాయి. మైతా బతికి ఉండి పంపాడో, పోతూ ఇచ్చాడో చెప్పగలిగిన మనిషి మళ్లీ దొరకలేదు.

తెల్లవారుజామున కొండదేవర కలలో కనిపించి, "బిగిసిన నోటిని వేడి దుంపతో తెరిపించాలి గానీ ప్రశ్నతోనా తల్లీ?" అన్నాడు.

"తప్పయిపోయింది స్వామీ. ఆయన వస్తాడా?"

"అది ఆ ముసలివాడికే తెలుసు. మరో వరం అడుగు."

తికా చాలాసేపు ఏడ్చి, "ఇక్కడ తిన్నవాళ్లకైనా వాళ్లవాళ్ల కబురు అందించు" అని కోరింది. తల నెరిసేదాకా అడిగినవారికీ అడగనివారికీ పెడుతూ ఇక్కడే ఉండిపోయింది. కొండవారి భాషలో సుయానా అంటే ఎదురుచూసే చోటు.

నేటికీ తొలి ముక్క భూదేవికి వేసి, తర్వాత బాటసారికి పెడతారు. రెండు దుంపలు తినేదాకా ఊరూ పేరూ అడగరు. ఈ ప్రసాదం తిన్నవారికి దూరాన ఉన్న తమవారి క్షేమవార్త తప్పక అందుతుందని నమ్మకం. తికాకు మాత్రం అందలేదు.