మాసేనమ్మ మూడో చిప్ప

సముద్రానికీ గుడిసెలకీ మధ్య మూడు తాటిచెట్ల పొడవు ఇసుక మాత్రమే ఉన్న కాలం. ఆ ఒడ్డున మాసేనమ్మ అనే ముసలమ్మ ఉండేది. చేపల పొట్టలు చీరి, ఉప్పు కూరి, ఎండబెట్టుకుని బతికేది. కాకులు తప్ప ఆవిడను ఎవరు పట్టించుకున్నారు గనక!

ఒకనాడు వలలో ఎన్నడూ చూడని చేప పడింది. ఒళ్ళంతా ఎర్ర చారలు, వీపంతా ముళ్ళు. గంగమ్మ కూతురు పుట్టింటికొచ్చిందన్నారు ఊళ్ళోవాళ్ళు. పసుపు రాసి, బొట్టు పెట్టి, నీళ్ళలో వదిలారు. మూడుసార్లు పడితే మూడుసార్లూ సాగనంపారు. నాలుగోది చచ్చి ఒడ్డుకొచ్చింది. మాసేనమ్మ దాని పొట్ట చీరింది. లోపల కుక్కినట్టు కవళ్ళ చేపల పిల్లలు.

"ఇది పుట్టింటికి రానేదర్రా. ఇల్లు మింగడానికొచ్చింది" అంది.

మతిపోయిందన్నారు.

నీరు ఎటు లాగితే దీని పిల్లలు అటే పోతాయని ఆవిడ ఊహ. మూడు కొబ్బరిచిప్పలకు సున్నం బొట్లు పెట్టి నీళ్ళలో వదిలింది. మొదటిది రాతిపాలెంలో తేలింది. నెల తిరక్కుండా అక్కడి వలల్లో చారల చేపే. రెండోది గవ్వలపేటలో తేలింది. అక్కడా అంతే. ఆ ఊళ్ళ నీళ్ళలో చిన్నచేప ఎగరడం మానేసింది. కొంగలు రావడం మానేశాయి.

మూడోది సొంత ఊరి ఎదుట, పిల్లపారు రాళ్ళ మధ్య ఆగింది. చేపలన్నీ గుడ్లు పెట్టేది అక్కడే. ఆ రాళ్ళు ఖాళీ అయితే ఊరికి కూడు లేదు.

ఊరిపెద్ద కోదండు మండిపడ్డాడు. చిప్ప పోయినచోటికే చేప పోతోందని, ముసలిదే దాన్ని పిలుస్తోందని అన్నాడు.

"నాను పిలవనేదు బాబూ. అదెల్లే దారి ముందే సూసినాను. నెల లోపల ఈటెలట్టుకు రండి."

ఒక్కడూ రాలేదు. ఆవిడే ఇనపచువ్వ పట్టుకుని తెప్ప మీద పిల్లపారుకి వెళ్ళింది. ఒకరోజు వెళ్ళింది, రెండోరోజు వెళ్ళింది. మూడోరోజు తెప్ప ఎదురుగాలిలో తనంతట తానే వచ్చి కోదండు కాళ్ళ దగ్గర ఆగింది. దాని మీద మాసేనమ్మ శవం, ముళ్ళ విషానికి నల్లగా వాచిన చెయ్యి. పక్కన పొట్టలు చీరిన చారల చేపలు. ఒకదాని పొట్టనిండా నువ్వుల్లా గుడ్లు. కోదండు అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ పూటే పడవలన్నీ ఈటెలతో పిల్లపారుకి కదిలాయి. చారల చేప పూర్తిగా పోలేదు గానీ, ఆ రాళ్ళు బతికాయి.

ఇప్పటికీ ఆ ఒడ్డున కొత్త చేప పడితే, పొట్ట చీరి చూడందే పసుపు రాయరు. ఏటా వేట మొదలుపెట్టే ముందు మూడు చిప్పలు వదులుతారు. మూడోది ఏ గాలి వీచినా కాసేపు ఒడ్డువైపు తిరిగి ఆగుతుందట. అది ఆగినంతసేపూ ఎవరూ నోరెత్తరు. మాసేనమ్మ బతికుండగా చెబితే వినలేదు కదా, ఇప్పుడు వింటారు.