నోట్రంపు పెళ్ళిచూపులు

పెద్దాపురం సోమిదేవమ్మకి ఒక నమ్మకం ఉండేది. భగవంతుడు ఊరందరికీ తలా చిటికెడు తెలివి పంచి, మిగిలిందంతా తమ ఇంట్లోనే గుమ్మరించి వెళ్ళిపోయాడని. ఆవిడకున్న బెంగల్లా ఒక్కటే. ముప్పై దాటిన చిన్నకొడుకు చయనులు ఎప్పటికైనా ఓ ఇంటివాడవుతాడా అని.

మొక్కగా మొక్కగా ఓ సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి జోగారావుగారికి బ్రిడ్జి పేకాట పిచ్చి. తనకి జోడీగా కూర్చుని ఒక్క ఆట బుద్ధిగా ఆడినవాడికే పిల్లనిస్తానన్నారు. అంతే, పెద్దకొడుకు విశ్వపతి పేక ముందేసుకుని తమ్ముడికి పాఠం మొదలెట్టాడు.

జోడీ ఒకటి నోట్రంపు అన్నాడంటే తురుఫు లేకుండా ఆడదామని. అప్పుడు నీ చేతిలో ఆఠీన్లు దండిగా ఉన్నా ఆఠీన్లనకూడదు. వాటి కింది మెట్టు డైమన్లు గనక రెండు డైమన్లనాలి. జోడీయే గ్రహించి ఆఠీన్లంటాడు. ఇస్పేట్లున్నాయా, ఆఠీన్లనాలి.

"కావలసినదాని కింది మెట్టు చెప్పాలిరా. తెలివైనవాళ్ళ పద్ధతి ఇదే," అన్నాడు.

వంటింట్లోంచి విన్న సోమిదేవమ్మ దణ్ణం పెట్టుకుంది. ఇంత దివ్యమైన పద్ధతిని పేకకే వదిలేస్తే పాపమనిపించింది. ఇంకేముంది, ఆ పూట నుంచే ఇంట్లో అమలు. పెరుగు కావలసిన చయనులు చారడిగాడు, ఆవిడ పెరుగు వేసింది. చారు కావలసిన విశ్వపతి పప్పడిగాడు. పప్పు కావలసిన ఇంటాయన, పప్పు కింద ఏముంటుందో తోచక వట్టి అన్నం తిని లేచాడు.

మర్నాడు ఆయనకే పైపన్ను సలిపింది. పద్ధతి ప్రకారం పళ్ళ డాక్టరుకి కిందిపన్ను చూపించాడు. డాక్టరు శుభ్రంగా ఉన్న కిందిపన్ను పీకి చేతిలో పెట్టాడు. అంత చదువు చదివాడు గానీ పాపం, బ్రిడ్జి రాదని సోమిదేవమ్మ డాక్టరు మీద జాలిపడింది.

పెళ్ళిచూపుల నాడు జోగారావుగారు ఒకటి నోట్రంపన్నారు. చయనులు రెండు డైమన్లన్నాడు. ఆయన మురిసిపోయి రెండు ఆఠీన్లన్నారు. ఆట గెలిచారు. సోమిదేవమ్మకి కళ్ళు చెమర్చాయి. జోగారావుగారు అక్కడికక్కడే, మా అలివేలు నచ్చిందా బాబూ, నోటితో ఓ మాట చెప్పు, అన్నారు. అలివేలు కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పిల్ల కాళ్ళ దగ్గర, పీట మీద, బామ్మగారు దీపానికి వత్తులు చేసుకుంటున్నారు. చయనులు సిగ్గుపడుతూ వేలు కిందికి చూపించాడు.

"ఆవిడండీ. ముహూర్తం పెట్టించేయండి."

బామ్మగారి చేతిలో వత్తులు చేతిలోనే ఉండిపోయాయి. జోగారావుగారు అందరినీ బయటికి పంపి, మళ్ళీ మా గుమ్మం తొక్కకండని తలుపేసుకున్నారు.

సంబంధం పోయిందని ఇంటాయన వీధిలోనే చతికిలబడ్డాడు. సోమిదేవమ్మ నవ్వింది.

"మీరొకరు. ఆయన రమ్మనే అన్నారండీ. గుమ్మమన్నారంటే దానికి పైమెట్టన్న మాట. ఇంటికప్పు."

అంతే, పక్కింటి నిచ్చెన తెచ్చి, పసుపు కుంకుమల పళ్ళాలతో నలుగురూ పెంకుల మీదికెక్కారు. పెంకులు పటపటా విరిగి నట్టింట్లో పడ్డాయి. జోగారావుగారు పెరట్లోకి పరుగెత్తుకొచ్చి తలపైకెత్తి చూసి, ముందు కిందికి దిగండయ్యా, తరవాత మాట్లాడుకుందాం, అని బతిమాలుకున్నారు.

సోమిదేవమ్మ మొహం వెలిగిపోయింది.

"విన్నారా? ఇంకా పైకి రమ్మంటున్నారు. వియ్యంకుడుగారి మాట తీసేయకూడదు," అని పళ్ళెం నెత్తిన పెట్టుకుని కప్పు కొసనున్న నడికొప్పు మీదికి పాకింది. వెనకాలే ముగ్గురూ పాకారు.