నలభై తెరల లైసెన్సు

ఒకానొక రాజ్యం ఉండేది. పేరు అడక్కండి, చెబితే నాకు అక్కడ నీళ్ళు పుట్టవు. ఇందులో వచ్చే లైసెన్సుల గొడవ నేను ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. సొంతంగా నేర్చుకున్నాను, అందుచేత మూడుసార్లు తప్పుగా నేర్చుకున్నాను.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రతాపమార్తాండుడు గుమస్తాల బల్లల మీది కంప్యూటర్లన్నీ తీయించేసి, కోట అడుగున ఒకే ఒక పెద్ద సర్వర్ పెట్టించాడు. గుమస్తాల డెస్క్‌టాపులన్నీ దానిలోనే నడుస్తాయి. బల్ల మీద మిగిలింది చూసుకోవడానికి ఒక తెర. వర్చువల్ డెస్క్‌టాప్ అంటే ఇంతే.

"యంత్రం ఒకటే గనక ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సూ ఒకటే చాలు!" అని రాజు మీసం దువ్వాడు.

మంత్రి విరూపాక్షయ్య లైసెన్సులమ్మే కంపెనీవాళ్ళ నాలుగు వందల పేజీల ఒప్పందం పట్టుకొచ్చాడు. రాజ్యం మొత్తం మీద దాన్ని చదివినవాడు ఆయనొక్కడే. ఆ గర్వం ఆయన నడకలోనే తెలిసిపోయేది.

"డెస్క్‌టాప్ ఎక్కడ నడుస్తోందన్నది కాదు ప్రభూ, ఏ తెర మీద చూస్తున్నామన్నదే లెక్క. తెరకొక లైసెన్సు ఉండాలి."

సరేనని నలభై తెరలకు నలభై లైసెన్సులు తీసుకుని, ఒక్కో తెరకు నంబరు చీటీ అంటించారు.

ఆ ఏడు వరదలొచ్చాయి. మధ్యాహ్నం పూట గుమస్తా పైడమ్మ బియ్యం చీటీలు రాస్తుండగా ఆమె తెర ఠప్పున ఆరిపోయింది. బయట వానలో జనం, చంకల్లో పిల్లలు. పైడమ్మ తన ఫోనులోనే తన డెస్క్‌టాప్ తెరిచి, రెండు వందల చీటీలు రాసిచ్చేసింది.

మర్నాడు ఆమెను దర్బారులో నిలబెట్టారు.

"నంబరు లేని తెర మీద ఆపరేటింగ్ సిస్టమ్ వాడింది. ఇది చౌర్యం! కొలువులోంచి తీసెయ్యాలి" అన్నాడు మంత్రి.

"కొలువు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు బాబూ" అంది పైడమ్మ.

నలుగురినీ నవ్వించి ఆస్థానంలో తిండి తినే గవరయ్య లేచాడు. "మంత్రిగారూ, నేను మొద్దుని. ఈవిడ తెరిచిందేమిటో ఒకసారి చూపిస్తే చూసి తరిస్తాం."

మంత్రి ఉత్సాహంగా దర్బారు గోడతెర మీద పైడమ్మ డెస్క్‌టాప్ తెరిచాడు. రాజు ముచ్చటపడి కొన్న తెర, ఏనుగంత ఉంటుంది.

"ప్రభువులకు కనబడుతోందా?" అన్నాడు గవరయ్య.

"కనబడకేం! చీటీలన్నీ వరసగా ఉన్నాయి."

"అయితే మంత్రిగారూ, ఈ తెర నంబరెంత?"

మంత్రి తెర ముందు వెతికాడు, వెనక వెతికాడు. చీటీ ఉంటేగా!

"అయ్యయ్యో! ఆవిడ అరచేతి తెర మీద దొంగిలిస్తే తమరు గోడంత తెర మీద దొంగిలించారే! పైగా ప్రభువులు కళ్ళప్పగించి చూశారాయె. మరి ఎవరెవరి కొలువు తీసేద్దాం?"

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి, ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి గడుగ్గాయ్! ఇంతకీ ఏం చెయ్యమంటావు?"

"లైసెన్సు తెరకు తీసేసి మనిషికి ఇప్పించండి మహాప్రభూ. ఆ మనిషి ఏ తెర ముందు కూర్చున్నా దోషముండదు."

"భేష్! అలాగే కానివ్వండి!" అని రాజు తన మీది పట్టుశాలువా తీసి గవరయ్యకు కప్పాడు.

ఇలాంటి కథ ఇక్కడ ఆపెయ్యాలి. ఆపితే నాకూ సుఖంగా ఉండేది.

మంత్రి వినయంగా వంగాడు. "చిత్తం. లైసెన్సులు నలభై గనక నలభై మందికే వస్తాయి. ఇంతవరకూ ఒక్కో తెర ముందు పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు కూర్చునేవారు. గుమస్తాలు ఎనభై మంది."

"ఇంకో నలభై కొనడమా? గోడతెర కొన్న ఏడాదిలోనా?" రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మధ్యాహ్నం వాళ్ళను పంపించెయ్యండి."

పైడమ్మదీ మధ్యాహ్నం వంతే. గవరయ్య ఆమె వెనకాలే పరిగెత్తాడు. మెట్ల దగ్గర పైడమ్మను ఆపి, శాలువా తీసి చేతిలో పెట్టబోయాడు.

ఆమె పుచ్చుకోలేదు.

"దొంగదానివని పంపేస్తే నేనొక్కదాన్నే పోయేదాన్ని బాబూ. రేపొచ్చి ఎవరి కాళ్ళో పట్టుకుని బతిమాలుకునేదాన్ని. తప్పేమీ లేదని పంపేశాక, ఏమని బతిమాలను?"