కదలనివాడికే కాపలా పని

వేరుశనగ చేను గట్టున ఒక కోళ్ళ పాక ఉండేది. దానికి కాపలా కాసే ముసలి కుక్క చనిపోయింది. మర్నాటి నుంచే పైన గద్ద చక్కర్లు మొదలయ్యాయి.

కంచె అవతల గేదె వీపు మీద కూర్చుని పసులపోలిగాడు ఆ పాక కొప్పుకేసే చూస్తుండేవాడు. కాకికంటే చిన్న పిట్ట. చీలిన తోక. గద్దనైనా తరిమే గుండె. బతుకు మాత్రం గేదెల వీపుల మీదే. గేదె పొర్లితే దిగాలి, మడుగులో మునిగితే ఎగరాలి, దానికి ఈగ కుడితే తోకదెబ్బ వీడు తినాలి. పొద్దుటి ఎండ ముందుగా ఆ కొప్పు మీదే పడేది. కింద కోడిపిల్లలు కిచకిచమంటుంటే పోలిగాడు మెడ సాచి వినేవాడు. కదలని చోటు ఒకటి, కింద తనవాళ్ళంటూ నలుగురు. అంతకంటే వాడు కోరిందేమీ లేదు.

ఒకనాడు పుంజు పెంటకుప్ప ఎక్కి కూసింది. "కాపలా ఉద్యోగం ఖాళీ! అర్హతకే అవకాశం! ప్రతిభకే పట్టం!"

కంచె బయట నక్క వినయంగా దగ్గింది. "పుంజుగారూ, ఎంపిక అంటే ఒక శాస్త్రం. ఆరూళ్ళ కోళ్ళకు కాపలావాళ్ళని నేనే ఏరిపెట్టాను. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు."

"ఫిర్యాదు చెయ్యడానికి అక్కడ కోడంటూ మిగిలిందా?" అంది చుక్కల పెట్ట. "పుంజు మావా, దొంగ చేతికి తాళాలిస్తావేంటి?"

"పెద్దలు మాట్లాడుతుంటే నీకెందుకే?" పుంజు మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "మీరు చెప్పండి నక్కగారూ."

"కాపలాకి కావలసింది నిలకడ. అభ్యర్థుల్ని కొప్పు మీద కూర్చోబెట్టండి. పొద్దు నడినెత్తికొచ్చేదాకా కదలనివాడికే పని. కదిలినవాణ్ణి కారణం అడగొద్దు. అడిగితే పక్షపాతం అంటారు."

ఆ మాటకి పుంజు పొంగిపోయింది.

పరీక్షకి ఇద్దరొచ్చారు. గుడ్లగూబ, పోలిగాడు.

"ఇంతకుముందు ఏ పాకలో చేశావు?" పోలిగాణ్ణి పుంజు అడిగింది.

"ఎవరూ ఇవ్వలేదండీ."

"ఎవరూ ఇవ్వనివాడికి మేమెందుకివ్వాలి?"

"మొదటిది ఎవరో ఒకరివ్వాలి కదండీ! దున్నేవాడిదే భూమి అంటారు, మరి కాసేవాడిది కాదా కొప్పు?"

"నినాదాలు చాలు. ఎక్కి కూర్చో."

పోలిగాడు కూర్చున్నాడు. కాళ్ళకింద తాటాకు వెచ్చగా తగిలింది. అది పొర్లలేదు, మునగలేదు. ఇన్నాళ్ళూ దూరంనుంచి చూసిన చోటు ఇదేనా అని గోళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. పొద్దు మెల్లగా పైకెక్కుతోంది. ఇంకొంచెంసేపు. ఇంకొంచెంసేపు కూర్చుంటే ఇది తనదే.

వాకిట్లో ఒక నీడ జారింది.

గద్ద రెక్కలు ముడిచింది. దాని చూపు చుక్కల పెట్ట చిన్నపిల్ల మీద ఉంది. గుడ్లగూబ గుడ్లు మిటకరించి అలాగే ఉంది. కళ్ళు తెరిచే నిద్రపోతోంది. కదిలితే కొప్పు పోతుంది, కదలకపోతే పిల్ల పోతుంది.

పోలిగాడు లేచాడు. గద్ద నెత్తిమీద పొడిచి, రెక్కలో ఈక పీకి, చేను దాటేదాకా తరిమాడు. రొప్పుతూ తిరిగొచ్చేసరికి పుంజు వాకిట్లో నిలబడి ఉంది.

"కదిలావు."

"గద్ద వచ్చిందండీ!"

"కారణాలు అడగం."

"కాపలా అంటే అదే కదండీ?"

"కాపలా పనిలో చేరాక కాయాలి. ఇది ఎంపిక."

"ఆహా, ఎంత నిష్పక్షపాతం!" కంచె బయటనుంచి మెచ్చుకుంది నక్క.

పోలిగాడు రెక్కలు విప్పాడు. కంచె అవతల తుమ్మచెట్టు మీద వాలాడు. గేదెలు మడుగుకి పోయినా వాడు వెంట వెళ్ళలేదు. తుమ్మకొమ్మ గాలికి ఊగుతోంది. అక్కణ్ణుంచి కూడా కొప్పు కనిపిస్తోంది. అదే బాధ.

మర్నాడు పట్టపగలు నక్క కంచెకింద దూరింది. కొప్పు మీద గుడ్లగూబ ఉంది. కదల్లేదు. ఉద్యోగం వచ్చిందే కదలనందుకాయె! కానీ వాకిట్లో ఒక్క పెట్ట లేదు. తెల్లారగానే చుక్కల పెట్ట అందర్నీ వెంటేసుకుని తుమ్మచెట్టు కిందకి చేరింది. ఎంపికకి గౌరవం ఇవ్వాలని పుంజు ఒక్కటే ఉండిపోయింది.

నక్క ఎగిరి దాని తోక పట్టింది. పుంజు ఆ తోకని నక్క నోట్లోనే వదిలేసి చెట్టువైపు పరిగెత్తింది. నక్క వెంటపడింది. పోలిగాడు బాణంలా దిగి కళ్ళ మధ్య పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. నక్క గుడ్డిగా ముళ్ళకంపలో పడి, లేచి, నోటినిండా ఈకలతో అడవి పట్టింది.

పుంజు తోకలేని వెనకభాగాన్ని చెట్టు మానుకేసి దాచుకుంటూ, గొంతు సవరించుకుంది. "పోలీ, నీ ధైర్యం గమనించాం. రేపు మళ్ళీ పరీక్ష పెడతాం, హాజరవు."

పోలిగాడు పాక కొప్పుకేసి చూశాడు. దాని మీద ఎండ అంతే బంగారంలా ఉంది. గుండె అటే లాగింది.

"వాడికి తీరిక లేదు మావా," అంది చుక్కల పెట్ట. "ఒరే పోలీ, పిల్లలు చేలోకి పోయారు. ఓ కన్నేసి ఉంచరా."

పోలిగాడు కొప్పు మీదనుంచి చూపు తిప్పుకుని చేనుకేసి ఎగిరాడు.

పని చేసినవాణ్ణి తోసేసి పరీక్ష నెగ్గినవాణ్ణి కూర్చోబెట్టే పాకలో చివరికి మిగిలేవి ఈకలే.