మసి పట్టని మందు

జమేదారు సన్యాసినాయుడు గారు ముందుగా గురిపలక వంక చూసేవారు కాదు. రేగులవలస జమీందారు గారి చాందిమారీలో, అంటే తుపాకి గురి నేర్చుకునే బయలులో, ఆయన పిస్తోలు నేర్పినంత కాలమూ అదే అలవాటు. కాల్చడం అయ్యాక శిష్యులు ఎవరి పిస్తోలు గొట్టం వాళ్ళు తెల్లగుడ్డ పేలికతో తుడిచి, ఆ పేలికను తాడు మీద ఆరెయ్యాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ పేలికల్ని వరసగా చూసుకుంటూ వెళ్ళి, ఆ తర్వాతే గుళ్ళు ఎక్కడ తగిలాయో చూసేవారు. ఆ పేలికను అక్కడ మసిగుడ్డ అనేవాళ్ళు. వంటింటి మసిగుడ్డ నల్లగా ఉందని ఇల్లాలిని ఎవరూ తప్పుపట్టరు గాని, ఇక్కడ గుడ్డ నల్లబడితే శిష్యుడి మొహం మాడిపోయేది.

కొత్త తూటాలు కావలసినన్ని దొరికే రోజులు కావవి. పేలిన తూటాల ఇత్తడి డొప్పల్ని ఏరుకుని, శుభ్రం చేసి, మళ్ళీ చెంచాతో మందు కొలిచి పోసి, గుండు బిగించుకోవాలి. ఎవరి తూటాలు వాళ్ళే నింపుకోవాలి, ఎవరి కొలత చెంచా, మందు డబ్బా వాళ్ళవే. ఆ డబ్బాల్లో మందు పోసేది మాత్రం జమేదారు గారే. తుపాకి మందుల్లో రకాలున్నాయి. ఒక దాని కొలతకు ఇంకొకటి పోస్తే పిస్తోలు పగిలి చెయ్యి ఎగిరిపోగలదు. అందుకని ఇంకొకడి డబ్బా ముట్టుకున్నవాడికి ఆ చాందిమారీలో చోటు లేదు. ఈ మాట కొత్తవాడికి మొదటిరోజే చెప్పేవారు.

శిష్యుల్లో పెద్దవాడు నీలాద్రి. మీసం మొలవని వయసులో వచ్చి, జమేదారు గారి దగ్గరే మీసం దువ్వుకునేంతవాడయ్యాడు. గురువుగారికి కళ్ళు మసకబారుతున్నాయి గనక, ఈ దసరాకు ఆయుధపూజ ముందురోజున తుపాకి మందు దాచే మందుకొట్టు తాళంచెవి ఎవరో ఒక శిష్యుడి చేతిలో పెడతారని అందరికీ తెలుసు. తాళంచెవి ఎవరిదైతే చాందిమారీ వాడిది. అది తనకే వస్తుందని నీలాద్రి ఎంత ధీమాగా ఉండేవాడంటే, ఆ సంగతి ఎవరితోనూ అనేవాడు కూడా కాదు. అలా ఉండగా కామేసు వచ్చాడు. ఎక్కడో ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన బక్కపలచటి కుర్రాడు. నవ్వుతూ కాల్చేవాడు, నవ్వుతూ తుడిచేవాడు, వాడి మసిగుడ్డ తాడు మీద చాకలి ఉతికి ఆరేసినట్టుండేది. పక్కనే నీలాద్రి గుడ్డ బొగ్గులబస్తా. ఇంతకుముందు అలా ఉండేది కాదు, ఈమధ్యే అలా తయారైంది. జమేదారు గారు రెండింటినీ చూసి కామేసు భుజం తట్టి వెళ్ళిపోయేవారు. ఆ తట్టిన చప్పుడు నీలాద్రికి పిస్తోలు చప్పుడు కన్నా గట్టిగా వినిపించేది. వాడికి అన్నం సయించడం మానేసింది. మందుకొట్టులో ఎన్నో రకాల మందులున్నాయి గాని కడుపుమంటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

ఆయుధపూజ ముందురోజు రానే వచ్చింది. ఆ పొద్దున నీలాద్రి గురువుగారి దగ్గరకు వెళ్ళి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు.

"మసి పట్టకుండా మండే మందు ఏది బాబూ?"

జమేదారు గారు వాడి మొహంలోకి చూశారు. "నువ్వు అడగాలనుకున్నది అదేనేట్రా?" అన్నారు. అదేనన్నాడు నీలాద్రి. "సరే, సాయంత్రం కాల్చినప్పుడు చూద్దాం" అని ఆయన పూజ సామాన్ల పనిలో పడ్డారు.

నీలాద్రికి జవాబు అక్కర్లేదు, ముందే తెలుసనుకున్నాడు. గురువుగారు మంచి మందు కామేసు డబ్బాలో పోసి, అడుగూ బొడుగూ తనకు పోస్తున్నారు, అంతే. లేకపోతే నిన్నగాక మొన్న వచ్చినవాడి గుడ్డ అంత తెల్లగా ఎలా ఉంటుంది? మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు వాడు కొట్టు పక్క వసారాలోకి పోయి, కామేసు డబ్బాలోని మందు తన డబ్బాలోకీ, తన మందు వాడి డబ్బాలోకీ మార్చేశాడు. రెండూ వేరు వేరు మందులైతే కామేసు తన పాత కొలతే పోస్తాడని, పిస్తోలు పగిలినా పగలవచ్చని వాడికి తెలియక కాదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినా చెయ్యి ఆగలేదు.

సాయంత్రం కామేసు ఆ డబ్బాలోంచే తూటాలు నింపుకుని పిస్తోలు ఎత్తాడు. నీలాద్రి ఆగమని అరుద్దామనుకున్నాడు, అరవలేదు. పిస్తోలు పేలింది. ఏమీ కాలేదు. మళ్ళీ పేలింది. కామేసు నవ్వుతూ గొట్టం తుడిచి గుడ్డ ఆరేశాడు. ఎప్పటిలాగే తెల్లగా ఉంది. నీలాద్రి కూడా కాల్చి తుడుచుకున్నాడు. ఎప్పటిలాగే నల్లగా ఉంది. ప్రాణం కుదుటపడిన మరుక్షణమే వాడికి మళ్ళీ ఒళ్ళు మండిపోయింది. మందు మార్చినా వాడిదే తెలుపైతే ఇంక ఏం మార్చాలి?

జమేదారు గారు తాడు దగ్గర నుంచి తిన్నగా నీలాద్రి బల్ల దగ్గరకు వచ్చారు. వాడి డబ్బా అడిగి తీసుకుని, తన మొలకు వేలాడే కొలత చెంచాతో తలగొట్టి నిండా మందు పోసి, తూటా తన చేత్తోనే బిగించి, కాల్చమన్నారు. పిస్తోలు గుర్రంలా ఎగిరి నీలాద్రి మణికట్టు అదిరిపోయింది. తుడిస్తే గుడ్డకు సన్నని బూడిదరంగు చార తప్ప ఏమీ అంటలేదు. అప్పుడాయన వాడి చెంచా చూపించమన్నారు. దాని అంచు ఆకురాయితో అరగదీసి ఉంది. ఎప్పుడు అరగదీశావని అడిగితే నీలాద్రి చెప్పక తప్పలేదు. కామేసు వచ్చిన కొత్తలో. మందు కాస్త తగ్గిస్తే పిస్తోలు ఎగరదు, చెయ్యి అదరదు, వాడి ముందు తన గుళ్ళన్నీ ఒక్కచోటే పడతాయని అలా చేశాడు.

"డబ్బాలన్నీ నేను ఒక్క పీపాలోంచే నింపాను" అన్నారు జమేదారు గారు. "మసి మందులో ఉండదురా. మందు తక్కువైతే సరిగా మండదు. మండకుండా లోపల మిగిలిపోయిందే మసి."

శిష్యులంతా చుట్టూ చేరారు. ఆయన మొలతాడుకు కట్టుకున్న మందుకొట్టు తాళంచెవి విప్పి, ఏమీ జరగనట్టే నీలాద్రి వైపు చాచారు. చెంచా తప్పు దిద్దుకోలేనిది కాదని, ఇన్నేళ్ళు నమ్మకంగా ఉన్నవాడు వాడేనని అన్నారు. కామేసు అందరికన్నా ముందు నవ్వి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

నీలాద్రి కోరుకున్నదంతా జానెడు దూరంలో ఉంది. మధ్యాహ్నం చేసిన పని ఎవరూ చూడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. చెయ్యి చాచి అందుకుంటే అయిపోతుంది. వాడి చెయ్యి లేచింది కూడా. కానీ ఆ తాళంచెవి అందుకున్నాక రోజూ తానే ఆ డబ్బాలన్నీ నింపాలని, కామేసు డబ్బా కూడా తానే నింపాలని తోచి, లేచిన చెయ్యి కిందికి దిగిపోయింది.

"వద్దు బాబూ" అన్నాడు. "మధ్యాహ్నం కామేసు డబ్బా నేను మార్చేశాను. వాడి మందు వేరే అనుకునే మార్చాను. పిస్తోలు పగిలితే పగలనీ అనుకున్నాను. మీరు వాడి భుజం తట్టినప్పుడల్లా నా కడుపు మండిపోయింది. నా భుజం తట్టి ఎన్నాళ్ళయిందో మీకు గేపకం ఉందా?"

కామేసు తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. వాడి నవ్వు మొదటిసారి మాయమైంది. జమేదారు గారు చాచిన చెయ్యి అలాగే పక్కకు తిప్పి తాళంచెవి కామేసు చేతిలో పెట్టారు. నీలాద్రికి అది అన్యాయమనిపించలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. తన పిస్తోలు బల్ల మీద పెట్టి, డబ్బా దాని పక్కన పెట్టి, తలపాగా చుట్టుకుని గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర జమేదారు గారి గొంతు వాణ్ణి ఆపింది.

"నీలాద్రీ, లోపల ఇంకేటైనా మిగిలిందేట్రా?"

వాడు అక్కడే నిలబడి నిజంగానే వెతుక్కున్నాడు. కామేసు వంక చూశాడు, వాడి చేతిలో తాళంచెవి వంక చూశాడు. లేదన్నాడు.

"అయితే రేపు పూజకి పెందలాడే రా. వరసలో ఆఖర్న నిల్చో" అన్నారు జమేదారు గారు.