ఏడు కుండల తోట

అనగనగా ఒక రాజ్యం. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళకు కోపం వస్తుంది, నాకైతే ఇప్పటికే వచ్చి కూర్చుంది. ఎందుకో వినండి.

ఆ రాజ్యంలో మూడేళ్ళుగా వాన చుక్క లేదు. చెరువులు ఎండాయి, బావులు ఎండాయి. కుమ్మరివీధి బావిలో మాత్రం కొంచెం నీరుండేది. రాజుగారి తోటల అధికారి దండపాణి దానికి తాళం వేసి, తాళంచెవి మొల్లో దోపుకున్నాడు. రాజుగారి భోజనంలో రోజూ ఆకుకూర ఉండాలట. ఆ మడులకు రోజుకు నలభై కుండల నీళ్ళు కావాలట. వీధిలో ఇంటికి ఒక్క కుండే. తాగాలన్నా అదే, వండాలన్నా అదే.

ఆ నలభైలో ముప్పై అయిదు కుండలు ఇసుక తాగేసేది. దండపాణి కళ్ళారా చూస్తూనే పోయించేవాడు. వాడికేం, మోసేది వాడు కాదుగా.

కూర ఎరగని వీధి పిల్లలకు రేచీకటి పట్టింది. పొద్దు వాలితే గోడలు తడుముకునేవారు. కుమ్మరి ఓబుళమ్మ మనవరాలు గంగి ఒక సందెవేళ కుండలు కాల్చే ఆవంలో పడబోయి త్రుటిలో తప్పించుకుంది. ఆనాడు ఓబుళమ్మకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కోపమొస్తే కొందరు తిడతారు. ఆమె కుమ్మరిసారె ముందు కూర్చుని ఏడు కుండలు చేసింది.

ఒక్కోదానికి అడుగున ఒక చిల్లు, పక్కల నాలుగు చిల్లులు. లోపల మట్టి లేదు, కొబ్బరి పీచూ గులకరాళ్ళే. పక్క చిల్లుల్లో తోటకూర నారు నాటి, కుండ మీద కుండ నిలబెట్టి, అన్నిటికీ కింద ఒక బాన పెట్టింది. పేడనీళ్ళు గుడ్డలో వడగట్టి, బియ్యం కడిగిన నీళ్ళలో కలిపి పైకుండలో పోసింది. ఆ నీళ్ళు ఒక్కో కుండనూ తడుపుతూ దిగి బానలో చేరాయి. వాటినే ముంచి మళ్ళీ పైన పోసింది. రోజుకు చెంబెడు తగ్గితే ఆ చెంబెడే కలిపేది.

నెల తిరిగేసరికి కూర చేతికొచ్చింది. అది చూసి ఇల్లిల్లూ అలాగే పెట్టుకుంది. కొన్నాళ్ళకు పిల్లలు సందెవేళ కూడా ఆడుకోసాగారు.

ఈ మాట రాజు చెవిన పడింది. "నేను నేర్పిన విద్యే, మహాప్రభూ" అన్నాడు దండపాణి. సిగ్గుండాలి మనిషికి. వీధిలోని కుండలన్నీ కోటకు మోయించాడు, కొత్తవి చేస్తే వాటినీ పట్టుకుపోయాడు. బావి తాళం మాత్రం తీయలేదు.

మొదటి నెల ఆ కుండల్లో నలభై కుండల నీళ్ళూ కుమ్మరించాడు. వేళ్ళు కుళ్ళాయి. కుండలు మంచివి కావన్నాడు.

రెండో నెల గంపలకొద్దీ పేడ కలిపించాడు. ఆకులు మాడాయి. పేడ మంచిది కాదన్నాడు.

మూడో నెల ఇంకో తెలివి పుట్టింది. పైకుండలో కూర రాజుగారికి, కింది కుండల్లోది పనివాళ్ళకు. వాళ్ళకెందుకు నీళ్ళు అని పైకుండ అడుగు చిల్లు మూయించాడు. పైన మొక్కలు మురిగాయి, కింద మొక్కలు ఎండాయి, బానలో చుక్క లేదు. ఈసారి ఓబుళమ్మ శాపం పెట్టిందన్నాడు.

అక్కడ వీధిలో గంగి మళ్ళీ గోడ తడుముకుంటోంది.

రాజు ఓబుళమ్మను తోటకు పిలిపించాడు. ఆమె కొత్తగా నాటిన ఏడు కుండలు మోయించుకుని మరీ వచ్చింది.

"ఏమమ్మా, శాపం పెట్టావట?"

"అంత తీరిక నాకెక్కడిది ప్రభూ. రెండు కుండల నీళ్ళు ఇప్పించండి."

ఒక కుండ దండపాణి మడిలో పోసింది. "పోసిన ఆ నీళ్ళతోనే ఈ కుండ మళ్ళీ నింపి ఇయ్యి సామీ" అంది. వాడు ఇసుక వంక చూస్తూ నిలబడ్డాడు.

రెండోది తన పైకుండలో పోసింది. బానలోకి దిగిన నీళ్ళు అదే కుండకు ఎత్తి రాజు ముందు పెట్టింది.

"చూసుకోండి. చెంబెడు తగ్గింది. మొక్కకు కావలసింది అంతే. మిగతాది తిరిగొచ్చింది. మీ మడిలో పోసిన కుండ ఏది? మీ పళ్ళెంలో గుప్పెడు కూర కోసం నా మనవరాలి కళ్ళు పోతున్నాయి. తిన్న కూర మీకు ఎట్లా అరిగింది ప్రభూ?"

రాజు తల వంచుకున్నాడు. తర్వాత తానే దండపాణి మొల్లోంచి తాళంచెవి లాగి ఓబుళమ్మ చేతిలో పెట్టాడు. మళ్ళీ వాన పడేదాకా వీధిలో ఇంటింటికీ నీళ్ళు మోసే పని దండపాణికి అప్పగించాడు. మొదటి సాయంత్రానికే వాడికి ఒక కుండ బరువెంతో తెలిసింది.

నీతి: కిందివారికి వదిలిన నీరే తిరిగి పైకి వస్తుంది, పైనే పట్టి ఉంచిన నీరు పైవాడినీ కుళ్ళబెడుతుంది.