సూరాలమ్మ తుమ్ము

రత్నగిరి రాజు కీర్తిధరుడు వేటకు బయలుదేరాడు. అప్పుడే గాజులమ్మే సూరాలమ్మ చీకటి సత్రంలోంచి ఎండలోకి వచ్చి గట్టిగా తుమ్మింది.

"అపశకునం! దీన్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి!" అని రాజు మండిపడ్డాడు.

సూరాలమ్మ చేతులు జోడించి, "ప్రభూ, చీకట్లోంచి వచ్చి ఎండ చూస్తే కొందరికి తుమ్ము ఆగదు. రోజూ పొద్దున మీరు మేడ మీదికి రాగానే తుమ్మడం నేను వీధిలోంచి వింటూనే ఉన్నాను. అనుమానముంటే కాసేపు ఈ సత్రంలో కూర్చుని రండి" అంది.

రాజు పంతం కొద్దీ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. బయటికి వచ్చి సూర్యుణ్ణి చూడగానే వరసగా తుమ్మాడు. భటులు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు.

"ప్రభూ, నాకు తోడుగా తమరూ ఊరు విడుస్తారా?" అని మెల్లగా అడిగింది సూరాలమ్మ.

రాజు పకపకా నవ్వాడు. "వద్దులే తల్లీ, ఇద్దరం ఈ ఊళ్ళోనే తుమ్ముకుందాం" అంటూ గుర్రమెక్కి వేటకు సాగిపోయాడు.